మరమ్మతును వాయిదా వేయరాదు

'మరమ్మతు' అనే మాట ఈ సంచికలోని రెండు భాగాల పాఠకులకూ సమానంగా చెందినది. అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూల మీదుగా నడిచివచ్చి, తెలుగులో స్థిరపడిన ఆ పదాన్ని మన పెద్దలు చెరువు కట్టకూ, ఇంటి కప్పుకూ, పడవకూ, బండికీ తరతరాలుగా వాడుతున్నారు. కంప్యూటరుకు మాత్రం ఆ మాటను వర్తింపజేయడం మనకు ఇంకా అలవాటు కాలేదు. యంత్రం పూర్తిగా మూలబడితే తప్ప దానికి మరమ్మతు కావలెనని మనకు తోచదు. "అప్‌డేట్ సిద్ధంగా ఉన్నది, యంత్రాన్ని తిరిగి ప్రారంభించండి" అని తెరమీద సూచన రాగానే, "తర్వాత" అనే గడిని నొక్కి మన పనిలో మనం పడిపోతాము. ఆ "తర్వాత" వారాలు గడిచినా రాదు. ఈ అలవాటు చిన్నది కాదనీ, దానివల్ల సంస్థలు పరువునూ, విద్యార్థులు తమ హక్కులనూ కోల్పోయే ప్రమాదం ఉన్నదనీ, నివారణ మాత్రం మన చేతిలోనే ఉన్నదనీ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠం చెప్పేవాడు యంత్రాల ఊసెత్తడమేమిటని కొందరు ఆశ్చర్యపడవచ్చు. నేడు విద్యార్థి హాజరు, మార్కుల జాబితా, ఉపకారవేతనపు దరఖాస్తు, బదిలీ పత్రం అన్నీ కంప్యూటరు గుండానే నడుస్తున్నాయి. ఆ యంత్రం చేసే హెచ్చరికలు సాధారణంగా ఆంగ్లంలో ఉంటాయి. అర్థం కాని హెచ్చరిక హెచ్చరిక కానేరదు. అందుచేత దానిని తేటతెలుగులో విడమరిచి చెప్పడం భాషోపన్యాసకుని బాధ్యతలలో ఒకటని నా అభిప్రాయం.

కెర్నెల్ అనగా నేమి?

ఆంగ్లంలో కెర్నెల్ అంటే కాయ పగులగొట్టగా లోపల కనిపించే పప్పు. కంప్యూటరులో మనకు కంటికి కనిపించేవి బొమ్మలు, అక్షరాలు, గడులు. అవన్నీ పైపెంకు వంటివి. లోపల ఉండి జ్ఞాపకశక్తిని పంచిపెట్టేదీ, ఏ ప్రోగ్రాముకు ఎంతసేపు పని జరగవలెనో నిర్ణయించేదీ, డిస్కునూ, మీటల పలకనూ, నెట్‌వర్కునూ తన అదుపులో ఉంచుకునేదీ కెర్నెల్ అనే కేంద్ర ప్రోగ్రాము. విండోస్‌కు ఒక కెర్నెల్ ఉన్నది. ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్ మరొక కెర్నెల్. మన విద్యార్థుల జేబులలోని ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేది కూడా ఆ లినక్స్ కెర్నెల్ మీదనే.

దీని అధికారాన్ని అర్థం చేసుకోవడానికి తాలూకా కచేరీలోని రికార్డు గదిని తలచుకోండి. రైతు ఎవరైనా తన పట్టా నకలు కావలెనంటే అర్జీ పెట్టుకుంటాడు. గుమాస్తా గదిలోకి వెళ్లి, చూసి, ఇవ్వదగినదైతే తెచ్చి ఇస్తాడు. రైతు స్వయంగా గదిలోకి పోరాదు. అదే విధంగా మనం వాడే ప్రతి ప్రోగ్రామూ ఫైలు తెరవాలన్నా, అక్షరం ముద్రించాలన్నా కెర్నెల్‌కు అర్జీ పెట్టుకోవలసిందే. తక్కిన ప్రోగ్రాములలో లోపం ఉంటే సాధారణంగా నష్టం ఆ ప్రోగ్రాముతోను, దానిని వాడే మనిషి ఫైళ్లతోను ఆగుతుంది. కెర్నెల్‌లో లోపం ఉంటే రికార్డు గది తాళపుచెవి దొంగ చేతికి అందినట్లే. అప్పుడతడు ఏ కాగితమైనా చదువగలడు, దిద్దగలడు, తగులబెట్టగలడు. తాను వచ్చి వెళ్లిన జాడను కూడా చెరిపివేయగలడు.

కెర్నెల్‌లో లోపాలు ఎందుకు ఉంటాయన్న ప్రశ్న సహజమే. లినక్స్ కెర్నెల్ ఒక్కటే మూడు కోట్ల పంక్తులకు మించిన రచన. వేలాదిమంది వ్రాసిన అంత పెద్ద గ్రంథంలో ముద్రారాక్షసాలు లేకుండా ఉండవు. 2016 అక్టోబరులో బయటపడిన 'డర్టీ కౌ' అనే లోపం 2007 నుండి, అంటే తొమ్మిదేండ్ల పాటు, లినక్స్‌లో దాగి ఉన్నది. యంత్రంలో సామాన్య వినియోగదారుగా ప్రవేశించినవాడు దాని సాయంతో సర్వాధికారి కాగలిగేవాడు. లోపం కనిపించగానే దానిని సరిచేసి రచయితలు పంపే చిన్న సవరణనే ప్యాచ్ అంటారు. చిరిగిన బట్టకు వేసే మాసిక అన్నమాట.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. దానిని గ్రహిస్తే తక్కినదంతా సులభమవుతుంది. మాసిక వెలువడిన రోజున మంచివారికి మందు దొరుకుతుంది. చెడ్డవారికి దారి దొరుకుతుంది. పాత రచననూ కొత్త రచననూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే ఎక్కడ మార్పు జరిగిందో, అంటే కన్నం ఎక్కడ ఉండేదో, తెలిసినవానికి తెలిసిపోతుంది. కనుక మాసిక విడుదలైన తరువాత దానిని వేసుకోకుండా గడిపే ప్రతిదినం అంతకుముందు రోజులకన్న ఎక్కువ ప్రమాదకరం. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా" అనే వాదం నిలువదని దీనివల్ల తేలుతున్నది.

ఏబదితొమ్మిది దినాల కథ

ఈ మాటలకు దూరదేశపు సాక్ష్యం వెదకనక్కరలేదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని ఒక లోపానికి మాసిక విడుదల చేసింది. ఒక యంత్రంలోని ఫైళ్లను మరొక యంత్రానికి పంచిపెట్టే ఎస్.ఎం.బి. అనే పాత పద్ధతిని నడిపే భాగంలో ఆ లోపం ఉన్నది. ఆ భాగం కెర్నెల్‌లోనే పనిచేస్తుంది. ఏప్రిల్ 14న 'షాడో బ్రోకర్స్' అనే అజ్ఞాత ముఠా, ఆ కన్నం గుండా ప్రవేశించే సాధనాన్ని లోకానికి బహిరంగపరచింది. మే 12న 'వన్నాక్రై' అనే పురుగు బయలుదేరింది. మార్చి 14 నుండి మే 12 వరకు లెక్కిస్తే 59 దినాలు.

ఆ పురుగు యంత్రంలోని ఫైళ్లను రహస్యలిపిలోకి మార్చి, విడిపించడానికి 300 డాలర్ల సొమ్మును బిట్‌కాయిన్ రూపంలో అడిగేది. మూడు దినాలు గడిస్తే ఆ మొత్తం రెట్టింపు. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా యంత్రాలు దాని వాత పడ్డాయి. మన రాష్ట్రం ఇందుకు మినహాయింపు కాలేదు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు విభాగాలలోని కంప్యూటర్లు కొన్ని స్తంభించిపోయాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయపు యంత్రాలు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దొంగలను పట్టవలసినవారి తలుపే దొంగ తట్టగలిగినప్పుడు, ఒక కళాశాల కార్యాలయం తనను ఎవరు పట్టించుకుంటారని నిశ్చింతగా ఉండడం వివేకమేనా?

ఇంగ్లండులో జరిగిన నష్టం మరింత హృదయవిదారకం. అక్కడి జాతీయ ఆరోగ్య సేవలోని 236 ట్రస్టులలో కనీసం 80 దీనివల్ల ఇబ్బందిపడ్డాయనీ, 19,000కు పైగా వైద్య సందర్శనలు రద్దయి ఉంటాయనీ ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం తన నివేదికలో పేర్కొన్నది. శస్త్రచికిత్సకు సిద్ధమైన రోగులు ఇంటికి మరలిపోవలసి వచ్చింది. మార్కస్ హచిన్స్ అనే ఇరవైరెండేళ్ల యువకుడు ఆ పురుగు వెదకుతున్న ఒక వెబ్ చిరునామాను తన పేర నమోదు చేయించడంతో దాని వ్యాప్తి తగ్గింది. అది అదృష్టం, అదృష్టాన్ని ప్రణాళికగా పెట్టుకోరాదు. తిరిగి జూన్ 27న 'నాట్‌పెట్యా' అనే మరొక పురుగు అదే కన్నం గుండా కూడా వ్యాపించి, ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులోని ఒక టెర్మినల్ పనిని సైతం ఆపివేసింది. అప్పటికి మాసిక వచ్చి మూడున్నర నెలలు!

పాత విండోస్ ఎక్స్.పి. యంత్రాలకు మార్చిలో బహిరంగంగా మాసిక లభించలేదన్నది నిజమే. దానిని మే 13న అత్యవసరంగా ఇచ్చారు. కాని వన్నాక్రై పట్టిన యంత్రాలలో అత్యధికం విండోస్ 7వి. వాటికి మందు మార్చిలోనే చేతికి వచ్చింది. సీసా మూత తీయలేదు, అంతే.

మన ఊరి పాఠాలు

మన బోగోలు మండలపు తీరాన్ని ఒకసారి చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు యాంత్రిక పడవలతో సముద్రపు వేట నిషిద్ధం. చేపలు సంతానం పెంచుకునే కాలమది. జువ్వలదిన్నె మొదలైన పల్లెలలోని మత్స్యకారులు ఆ రెండు మాసాలనూ వృథా పుచ్చరు. పడవను ఒడ్డుకు చేర్చి అడుగు చూసుకుంటారు, ఇంజను విప్పుకుంటారు, వలల కన్నాలు అల్లుకుంటారు. ఆదాయం లేని కాలమని మరమ్మతును మానుకోరు. వేట మొదలైన తరువాత నడిసముద్రంలో పడవ బాగుచేయడం సాధ్యం కాదని వారికి తెలుసు. వారి 61 దినాలనూ పెద్ద కార్యాలయాల 59 దినాలనూ పోల్చి చూడండి. ఎవరి విద్య గొప్పదో పాఠకులే నిర్ణయించవచ్చు.

రెండవ పాఠం బిట్రగుంట రైల్వే కాలనీ చెబుతుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడి లోకో షెడ్డు ఎంతో ప్రసిద్ధి పొందినది. ఆవిరి ఇంజను ఎంత బాగా నడుస్తున్నా నిర్ణీత వ్యవధికొకసారి దానిని షెడ్డుకు చేర్చి, నిప్పు ఆర్పి, బాయిలరు చల్లారిన తరువాత లోపల పేరుకున్న మడ్డిని కడిగి, గొట్టాలను పరీక్షించి, మరల నిప్పు రాజేసేవారు. పరుగెత్తుతున్న ఇంజను బాయిలరును ఎవరూ కడుగలేరు. కెర్నెల్ సంగతీ అంతే. తక్కిన ప్రోగ్రాములను మూసి తెరిస్తే కొత్త రూపం వస్తుంది. కెర్నెల్ మాత్రం యంత్రం ఆన్ అయినప్పుడు జ్ఞాపకశక్తిలోకి ఎక్కి, యంత్రం ఆగేవరకు అక్కడే ఉంటుంది. కొత్త కెర్నెల్ డిస్కు మీదికి వచ్చి కూర్చున్నా, యంత్రాన్ని తిరిగి ప్రారంభించేదాకా పనిచేసేది పాత కెర్నెలే. "అప్‌డేట్ చేశాము" అని తృప్తిపడి తిరిగి ప్రారంభించకపోతే, మందు కొని అలమరలో పెట్టినట్లే.

విండోస్ వాడేవారు మరొక విషయం గమనించవలెను. విండోస్ 8 నాటి నుండి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉన్నది. అది అమలులో ఉంటే 'షట్ డౌన్' నొక్కినప్పుడు కెర్నెల్ స్థితిని డిస్కులో భద్రపరచి, మరునాడు అదే స్థితిని తిరిగి తెస్తుంది. అందుచేత ప్రతి సాయంత్రం యంత్రాన్ని ఆపుతున్నాము కదా అనుకోవడం చాలదు. అప్‌డేట్ తరువాత 'రీస్టార్ట్' అనే గడినే నొక్కవలెను. పెద్ద ఆసుపత్రులకూ, బ్యాంకులకూ యంత్రం ఆపకుండానే మాసిక వేసే 'లైవ్ ప్యాచింగ్' పద్ధతి లినక్స్‌లో ఉన్నది. దానికి కూడా హద్దులున్నాయి. అన్ని సవరణలూ ఆ విధంగా వేయలేరు. సాయంత్రానికి తాళం పడే మన ప్రయోగశాలకు ఆ అవసరమే లేదు.

ఆక్షేపణలకు సమాధానం

"అప్‌డేట్ చేస్తే ఉన్నది చెడిపోతుంది" అనేది మొదటి ఆక్షేపణ. దీనిని తేలికగా కొట్టివేయరాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలును, కెర్నెల్‌లో పనిచేసే ఆ సంస్థ ప్రోగ్రాము చదవబోయి కూలిపోవడంతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరతో నిలిచిపోయాయి. ఆ దినం హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. అది మైక్రోసాఫ్ట్ పంపిన కెర్నెల్ సవరణ కాకపోయినా, కెర్నెల్‌ను తాకే ఏ మార్పు పొరపాటయినా ఫలితం ఎంత తీవ్రమో చూపింది. అయితే దీని నుండి నేర్వవలసిన నీతి అప్‌డేట్ మానివేయమని కాదు; ఒక్కసారిగా అన్ని యంత్రాలకూ వేయవద్దని. వంటవాడు మెతుకు పట్టి చూసినట్లు, ముందు ఒక యంత్రానికి వేసి, రెండు మూడు దినాలు పరిశీలించి, తరువాత తక్కినవాటికి వేయవలెను. లినక్స్ పంపిణీలలో చాలావరకు కొత్త కెర్నెల్ వచ్చినా పాతదానిని కొంతకాలం అట్టే ఉంచుతాయి. కొత్తది మొరాయిస్తే ప్రారంభ పట్టికలో పాతదానిని ఎన్నుకోవచ్చు. అన్నింటికన్న ముందు ముఖ్యమైన ఫైళ్ల నకలు విడిగా ఉంటే ఏ ప్రమాదమైనా సగం తీరినట్లే.

"మన కళాశాలలో దోచుకోవడానికి ఏమున్నది?" అనేది రెండవది. వన్నాక్రై ఎవరినీ పేరు పెట్టి ఎన్నుకోలేదు. ఇష్టం వచ్చిన చిరునామాలన్నీ తట్టుతూ పోయింది. తెరిచి ఉన్న తలుపులలో దూరింది. మనకు ధనం లేకపోవచ్చు. దరఖాస్తు గడువు దినాన జ్ఞానభూమి వెబ్‌సైటు తెరవవలసిన యంత్రం మొరాయిస్తే, నష్టపోయేది ఆ ఉపకారవేతనం మీదనే చదువు సాగిస్తున్న పేదింటి బిడ్డ. పాలకవర్గానికి అది ఒక యంత్రం. ఆ బిడ్డకు అది ఒక సంవత్సరం.

"యంత్రాలు పాతవి, డబ్బు లేదు" అనేది మూడవది. ఇందులో న్యాయం ఉన్నది. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న నిలిచిపోయింది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను స్వీకరించడానికి తగిన అర్హత లేని యంత్రాలు మన వంటి సంస్థలలో ఎన్నో ఉంటాయి. వాటిని గుజిరీకి వేయనక్కరలేదు. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ పంపిణీలు ఉచితంగా లభిస్తాయి. ఉబుంటు దీర్ఘకాలిక సంచికకు అయిదేండ్ల భద్రతా సవరణలు వస్తాయి. మన దేశంలోనే సి-డాక్ సంస్థ 'బాస్' అనే లినక్స్‌ను రూపొందించింది. హైదరాబాదులోని స్వేచ్ఛ బృందం తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి చూపింది. హెచ్చరికలు మన భాషలో వస్తే చదివేవారు పెరుగుతారన్న నా మాటకు వారి కృషి అండగా నిలుస్తున్నది.

ఇక్కడే చేదైనా ఒక మాట చెప్పక తప్పదు. దొంగనకలు విండోస్ వేయించుకున్న చోట్ల, గుట్టు బయటపడుతుందన్న భయంతో అప్‌డేట్లను బుద్ధిపూర్వకంగా ఆపివేస్తారు. వెల చెల్లించలేకపోవడం నేరం కాదు. ఉచితంగా, ధర్మబద్ధంగా దొరికేది ఉండగా దొంగసొత్తును వాడి, దానిని కాపాడుకోవడానికి తలుపులు తెరిచి ఉంచడం మాత్రం సమర్థనీయం కాదు.

పాలకవర్గానికీ, విద్యార్థులకూ మనవి

కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా కొన్ని సూచనలు చేస్తున్నాను. కొత్త కంప్యూటర్ల కొనుగోలుకు ప్రారంభోత్సవం జరుగుతుంది, ఛాయాచిత్రం తీస్తారు. మరమ్మతుకు రిబ్బను కత్తిరించేవారు ఉండరు. అయినా బడ్జెటులో కొనుగోలు పద్దు పక్కనే నిర్వహణ పద్దు ఒకటి ఉండవలెను. కార్యాలయంలోను, ప్రయోగశాలలోను ఉన్న ప్రతి యంత్రానికీ ఒక రిజిస్టరు పెట్టి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నదో, దాని మద్దతు ఏనాటితో ముగుస్తుందో, చివరి సవరణ ఎప్పుడు జరిగిందో వ్రాయించవలెను. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుండి ప్రతి నెల రెండవ మంగళవారం సవరణలు విడుదల చేస్తున్నది. మన గడియారం ప్రకారం అవి ఆ రాత్రికి అందుతాయి. ఆ వారం శనివారం ఒక యంత్రానికి, మరుసటి శనివారం తక్కినవాటికి అని దినం నిర్ణయిస్తే చాలు. నెలలో రెండు పూటల పని. అత్యవసర హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం శనివారం కోసం ఆగరాదు. అన్నింటికీ మించి ఈ పనికి బాధ్యుడెవరో పేరు వ్రాసి ఉండవలెను. అందరి పనీ అన్నది ఎవరి పనీ కాకుండా పోవడం మనకు అనుభవమే.

విద్యార్థి సోదరీసోదరులారా! మీ చేతిలోని ఫోను కూడా కంప్యూటరే. 2015 ఆగస్టు నుండి గూగుల్ ఆండ్రాయిడ్‌కు నెలనెలా భద్రతా ప్రకటన వెలువరిస్తున్నది. ఆ సవరణలు మీ ఫోనుకు చేరుతున్నాయో లేదో సెట్టింగులలోని 'సెక్యూరిటీ అప్‌డేట్' తేదీ చెబుతుంది. ఆ తేదీ ఏడాది పాతదైతే, ఆ ఫోనులో బ్యాంకు ఖాతా నడపడం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఫోను కొనేటప్పుడు కెమెరా సంగతి అడిగినట్లే "ఎన్నేండ్లు భద్రతా సవరణలు ఇస్తారు?" అని కూడా అడగండి. 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేండ్లు ఇస్తామని ప్రకటించాయి. కొనేవారు అడిగితేనే తక్కువ ధర ఫోన్లకు కూడా ఆ ఏండ్లు పెరుగుతాయి. కంప్యూటర్ విభాగం విద్యార్థులు నలుగురు ముందుకు వచ్చి ఆ శనివారపు పని చేపడితే, కళాశాలకు సేవ అవుతుంది. పుస్తకంలో చదివినది చేతికి వస్తుంది.

చెరువు కట్టకు గండి పడిన రాత్రి ఊరంతా పారలు పట్టుకుని పరుగెత్తుతుంది. అది సాహసమే, కాదనను. కాని వేసవిలో నాలుగు తట్టల మట్టి వేసి ఆ గండిని రానీయకుండా చేసినవాని పేరు ఎవరికీ తెలియదు. సంస్థలు నిలిచేది ఆ పేరులేని మనుషుల వల్లనే. మన కళాశాలలో అట్టివారు నలుగురు తయారు కావలెననీ, వచ్చే నెల రెండవ శనివారమే ఆ పనికి తొలి దినం కావలెననీ నా ఆకాంక్ష.